వేగం పెరిగితే ద్రవ్యరాశి పెరగదన్న మా అక్క

మొన్న కండ్ల డాక్టరుకు చూపించుకుందామని జగిత్యాల పోయిన. తిరిగి కోరుట్లకు వస్తుంటే బస్సు ఊరు దాటకముందే ట్రాఫిక్‌ల ఆగింది. కిటికీ పక్కనే పెద్ద ఫ్లెక్సీ. కండ్లల్ల చుక్కల మందు వేసిండ్రు కాబట్టి లోకమంతా మసకగనే ఉన్నది గని, ఆ ఫ్లెక్సీ మీది మొఖాన్ని నేను మసకల గూడ గుర్తుపడుత. సూటు వేసుకొని, చేతులు కట్టుకొని నిలబడ్డడు. ఎనుక నల్లటి ఆకాశం, వలలాంటి గీతల నడుమ కుంగిన సూర్యుడు. కింద పెద్ద పెద్ద అక్షరాలతో, ‘ద్రవ్యరాశి అంటే ఏమిటో మీకు నిజంగా తెలుసా?’ అని ఉన్నది. దాని కింద కొత్త కాలేజీ అడ్మిషన్ల సంగతి. నా పక్క సీట్ల మెట్‌పల్లి పోయే పెద్దామె కూర్చున్నది. "గీ సారు మస్తు చెప్తడట మేడం. మా మనుమరాలు ఫోన్ల ఎప్పుడు సూసినా గీయననే సూస్తది" అన్నది. "అవునమ్మా" అన్న. ఇంకేమంట? ఆ ప్రశ్నకు జవాబు మా అక్క ఎన్నడో చెప్పింది, చెప్పినందుకే కొలువు పోగొట్టుకున్నది, అప్పుడు గీ సారు పక్కనే కూర్చొని చాయ్ తాగుతుండె అని బస్సుల ఎవరికి చెప్పుకుంట?

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటరు. ముందటి అర్రల బాపు సాంచాలు, ఎనుక అర్రల మేము. అవ్వ గడప మీద కూర్చొని ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేసేది. ఆ చప్పుడుల ఒకరి మాట ఒకరికి వినపడాలంటే ఒర్రాలె. పెండ్లయిన కొత్తల మా ఇంటికొచ్చిన మా ఆయన, "మీ ఇంట్ల పొద్దుమాపు కొట్లాడుకుంటనే ఉంటరా?" అని భయంభయంగ అడిగిండు. అక్క నాకంటే నాలుగేండ్లు పెద్ద. సాంచాలకు ఎదురుంగ కూర్చొనే చదివేది. అవి నడిస్తెనే దానికి చదువు ఎక్కేది. కరెంటు పోయి సాంచాలు ఆగితే పుస్తకం మూసి, చప్పుడు లేకుంటే మనసున పడతలేదని అవ్వ మీద విసుక్కునేది. పరీక్ష హాలుల ఆ నిశ్శబ్దం ఓర్వలేక కాలితోని నేలను తట్టుకుంట రాసేదట.

అక్క ఇంటరు చదివేటప్పుడు ఒకనాడు నాడె ఎగిరింది. నూలు కండెను కడుపుల పెట్టుకొని సాంచ మీద అటు ఇటు ఉరికే కర్రముక్కనే నాడె అంటరు. అప్పుడప్పుడు అది తొవ్వ తప్పి బాణం లెక్క బయటికొస్తది. ఆనాడు వచ్చి బాపు భుజానికి తాకింది. భుజం ఉబ్బి, నల్లగ కమిలింది. అవ్వ ఉప్పుకాపడం పెడుతుంటే అక్క ఆ నాడెను చేతుల పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నది. "గింత అల్కగ ఉన్నది, గంత దెబ్బ ఎట్ల తాకె బాపూ?" అని అడిగింది. బాపు నొప్పిల గూడ నవ్విండు. "చేతుల ఉన్నప్పుడు అల్కనే బిడ్డ. ఉరికేటప్పుడు బరువైతది" అన్నడు. అక్క ఒప్పుకోలేదు. "బరువెట్లయితది? నాడె గదే నాడె. దాంట్ల కర్ర పెరుగలే, ఇనుము పెరుగలే" అన్నది. "నాకేం ఎరుక? నువ్వు సదువుకుంటున్నవు గద, సదివి నువ్వే చెప్పు" అన్నడు బాపు. మా అక్క ఫిజిక్సుల ఎమ్మెస్సీ దాకా పోయిందంటే ఆ భుజం మీది దెబ్బే కారణమని మా ఇంట్ల అందరి నమ్మకం. బాపు దాన్ని గొప్పగ చెప్పుకునేటోడు, అంగీ గుండీ తీసి మచ్చ గూడ చూపెట్టేటోడు.

చదువు ముదిరినంక దానితోని బజారుకు పోవుడు కష్టమైంది. నేను పెండ్లయి కోరుట్లల ఉంటున్న. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల కొలువు దొరికి అక్క జగిత్యాలల కిరాయి అర్రల ఉండేది. శనివారం సాయంత్రం బస్సెక్కి నా దగ్గరికి వచ్చేది. ఇద్దరం అంగడికి పోతే, చింతపండు అమ్మే ముసలామె తక్కెడను మురిపెంగ చూసి, "ఇది చంద్రుని మీద గూడ సరిగ్గ జోకుతది చెల్లె. పటేలు దుకాణంల యాలాడే స్ప్రింగు కాంట అక్కడ పనికిరాదు. అది గుంజుడును చూస్తది, ఇది సరుకును చూస్తది" అనేది. ఆ ముసలామె, "చంద్రుని మీదికి తర్వాత పోదువు గని, ముందుగాల నా పైసలియ్యి బిడ్డ" అన్నది. ఇంకోసారి మా ఆయనకు చాయ్ ఇచ్చి, వేడి చాయ్‌కి చల్లారిన చాయ్ కంటే ద్రవ్యరాశి రవ్వంత ఎక్కువుంటది, ఏ కాంట మీద తేలనంత రవ్వంత, అని చెప్పింది. నిలబడ్డ వస్తువు కడుపుల దాగిన వేడి గూడ శక్తే కాబట్టి అది గూడ లెక్కకొస్తదట. "అయితే చల్లారినంక తాగితే లావు కామన్నట్టు" అన్నడు మా ఆయన. అక్క కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. నేను బడిల తెలుగు చెప్పేదాన్ని. మాస్ అంటే నాకు, మా పిల్లలకు విజిళ్లు వేసే సినిమాలే గుర్తుకొస్తయి. అయినా అక్క చెప్తుంటే వినబుద్ధయ్యేది. ద్రవ్యరాశి అన్న మాట కఠినంగ ఉన్నదంటే, "వస్తువు మొండితనం అనుకో. నిలబడ్డదాన్ని కదిలిస్తే కదలనంటది, కదిలేదాన్ని ఆపితే ఆగనంటది. ఆ మొండితనమే" అన్నది. అంత తేటగ చెప్పే పంతులు నాకెందుకు దొరకలేదా అనిపించేది.

కాలేజీల దానికొక తమ్ముడు దొరికిండు. సొంత తమ్ముడు కాదు. మల్లాపూర్ దిక్కు పల్లె నుంచి వచ్చిన కొత్త లెక్చరరు. వాళ్లది పసుపు పండించే ఇల్లు. మాట తియ్యగ ఉండేది. మొదటిరోజే "అక్కా" అని పిలిచిండట. అక్క డబ్బాల బువ్వ తినేటోడు, క్లాసుకు పోయే ముందు డౌట్లు అడిగేటోడు. అక్క చెప్పిన ఉదాహరణలే పొద్దున విని మధ్యాహ్నం తన క్లాసుల చెప్పేటోడు. అక్కకు అందుల తప్పు కనపడలేదు. పండుగకు వాళ్ల ఇంటి పసుపు పొడి సంచి తెచ్చిండని నాకింత పంపింది గూడ. నాడె ముచ్చట, బాపు భుజం ముచ్చట ఆయన అప్పుడే విన్నడు.

గొడవ ఒక్క వాక్యం కాడ మొదలైంది. ఎంట్రెన్సు పిల్లల కోసం కాలేజీ అచ్చు వేసిన మెటీరియల్ ఉంటది. అందుల, వస్తువు వేగం పెరిగేకొద్దీ దాని ద్రవ్యరాశి పెరుగుతది, కాంతి వేగం దగ్గరికి పోతే అంతులేనంత అయితది, అందుకే దాన్ని దాటలేము అని ఉన్నది. ఎనుకటి పుస్తకాలల్ల అట్ల రాసేటోళ్లేనట. అక్క పిల్లలతోని ఆ వాక్యం కొట్టేయించింది. వేగం పెరిగితే పెరిగేది శక్తి, వస్తువు కాదు. ఇంకింత వేగం చేయాలంటే ఇంకా ఇంకా శక్తి పెట్టాలె, పెడుతనే ఉండాలె, అందుకే దాటలేము అని చెప్పింది. ఒక పిల్ల లేచి, పెరిగిందనుకుంటే నష్టమేంది మేడం అని అడిగిందట. అక్క బోర్డు మీద లెక్క చేసి చూపెట్టింది. ఉరికే వస్తువును ముందుకు తోస్తే దాని మొండితనం ఒక తీరు వస్తది, పక్కకు తోస్తే ఇంకో తీరు వస్తది. ఒక్క వస్తువుకు ఒక్కసారే రెండు ద్రవ్యరాశులు ఎట్లుంటయి? పైగా నువ్వు గూడ దాని పక్కన అంతే వేగంతోని ఉరికితే, నీకు అది నిలబడ్డట్టే ఉంటది, ఏమీ పెరిగినట్టుండదు. క్లాసు అయిపోయినంక ఆ తమ్ముడు అదే లెక్క మళ్లొకసారి చేయించుకున్నడు. "నిజమే అక్కా, నేను గిన్నొద్దులు తప్పు చెప్తున్న" అన్నడట. ఆ శనివారం అక్క నా దగ్గరికి వచ్చి ఆ మాట ఎంత సంబురంగ చెప్పిందో నాకు ఇప్పటికీ కండ్లల్లనే ఉన్నది.

తర్వాత కాలేజీ పెట్టిన మోడల్ పరీక్షల అదే ప్రశ్న వచ్చింది. అక్క క్లాసు పిల్లలు పెరగదని రాసిండ్రు. మెటీరియల్ ప్రకారం అది తప్పు. మార్కులు పోయినయి. ఒక పిల్ల తండ్రి, పెద్ద కాంట్రాక్టరు, కాలేజీకి వచ్చి, మీ మేడం సొంత పాఠాలు చెప్తున్నదని లొల్లి చేసిండు. స్టాఫ్ రూముల కూర్చోబెట్టి మాట్లాడిండ్రు. కాలేజీ నడిపే కరస్పాండెంటుకు ఫిజిక్సు రాదు, వడ్ల వ్యాపారం వచ్చు. "మేడం, మెటీరియల్ల ఉన్నది చెప్పుండ్రి. గంతకన్న ఎక్కువ మేము అడుగుతలేము" అన్నడు. అక్క మధ్యతొవ్వ చూపెట్టింది. "పరీక్షల గిట్ల రాయుండ్రి, అసలు సంగతి గిట్లున్నది అని రెండూ చెప్త సార్" అన్నది. "రెండు చెప్తే పిల్లలు ఆగమైతరు. పేపర్ల పెరుగుతది అంటే పెరుగుతది" అన్నడాయన. "నేను గది చెప్పలేను సార్. లేనిది ఉన్నదని ఎట్ల చెప్త?" అన్నది అక్క. అప్పుడాయన అక్క పక్కన కూర్చున్న తమ్మునిదిక్కు తిరిగి, "నువ్వు గూడ ఫిజిక్సే గద. నువ్వు చెప్పు, పెరుగుతదా, పెరగదా?" అని అడిగిండు.

తమ్ముడు చాయ్ కప్పుల చూసుకుంట, "మెటీరియల్ల ఉన్నట్టే సార్" అన్నడట.

అక్కను ఎవరూ తీసేయలేదు. అట్ల తీసేస్తే చెడ్డపేరు. ఎంట్రెన్సు క్లాసులు తమ్మునికి పోయినయి. అక్కకు మిగిలింది ల్యాబుల సీసాలు లెక్కపెట్టుడు, హాస్టలు పిల్లలు తిన్నరా లేదా చూసుడు. ఒక నెల ఓర్చుకున్నది. ఆ తర్వాత తానే రాజీనామా ఇచ్చి సిరిసిల్ల వచ్చేసింది. జగిత్యాల, కోరుట్ల, కరీంనగర్, ఎక్కడ అడిగినా, ‘ఆమెనా, వాదన పెట్టుకునే మేడం’ అన్నరు. కాలేజీలు ఎన్ని ఉన్నా, నడిపేటోళ్లంతా ఒకరికొకరు చుట్టాలే. సర్కారు కొలువుకు నోటిఫికేషన్ రేపు మాపు అనుకుంటనే వయసు దాటింది. పెండ్లి సంబంధాలు వస్తే అక్కనే వద్దన్నది. బాపు పోయిండు. సాంచాలు పాతవైనయి, కొనేటోడు లేక తుక్కుకు జోకిచ్చినం. అవి బండి మీదికి ఎక్కుతుంటే అక్క లోపలి అర్రల నుంచి బయటికి రాలేదు. కొన్నేండ్లు చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పింది. అవి గూడ తగ్గినంక లంగాలు కుట్టే సెంటరుకు పోవుడు మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ ఆడోళ్ల మీద సూపర్వైజరు, ఇంట్ల గూడ ఒక కుట్టుమిషన్ పెట్టుకున్నది. ఫిజిక్సు మాట ఎత్తేది కాదు. నేను వేడి చాయ్ ముందర పెట్టి ఆశగ చూసేదాన్ని. ఊదుకొని తాగేది, గంతే.

రెండేండ్ల కింద మా బడిల లెక్కల సారు తన ఫోన్ల ఒక వీడియో చూపెట్టిండు. అందుల ఉన్నది అక్క కాలేజీ తమ్ముడే. బట్టతల వచ్చింది, మాట మాత్రం అట్లనే తియ్యగ ఉన్నది. వేగం పెరిగితే ద్రవ్యరాశి పెరుగుతుందని మీకు చెప్పి ఉంటారు, అది పాత అబద్ధం అంటున్నడు. ద్రవ్యరాశి అంటే వస్తువు మొండితనం అంటున్నడు. ముందుకు తోస్తే ఒక తీరు, పక్కకు తోస్తే ఒక తీరు అని అక్క లెక్కనే బోర్డు మీద వేస్తున్నడు. అంతవరకైనా ఓర్చుకుందును. "చిన్నప్పుడు మా ఇంట్లో మరమగ్గం మీంచి నాడె ఎగిరి మా నాన్న భుజానికి తగిలింది" అన్నడు. వాళ్ల ఇంట్ల పసుపు తప్ప నూలు పోగు లేదు. మా బాపు భుజాన్ని, ఆ భుజం మీది మచ్చను గూడ ఎత్తుకపోయిండు. కింద లక్షల మంది చూసినట్టున్నది. ‘మీలాంటి సారు ప్రతి కాలేజీలో ఉండాలి’ అని ఎవరో రాసిండ్రు. ఆదివారం సిరిసిల్ల పోయి అక్కకు చూపెట్టిన. మొత్తం చూసింది. బాపు ముచ్చట కాడ దాని మొఖం రవ్వంత బిగుసుకున్నది. ఫోను నా చేతికిచ్చి, "మంచిగనే చెప్పిండు" అని మిషన్ తొక్కుకుంట కూర్చున్నది. నాకు ఒళ్లు మండింది. కొట్లాడుమన్న, కేసు వేయుమన్న, కనీసం కింద నాలుగు మాటలు రాయుమన్న. మిషన్ ఆపలేదు.

ఆ ఎండాకాలం ఆయనే వచ్చిండు. నేను సెలవులకు అక్క కాడనే ఉన్న. మా గల్లీల పట్టనంత కారు, చేతుల మిఠాయి డబ్బా. "అక్కా" అని కాళ్లు మొక్కబోతే అక్క కుర్చీ చూపెట్టింది. కాసేపు ఎండల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడిండు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పిండు. "పిల్లలు కామెంట్లల్ల సతాయిస్తున్నరక్కా. వెలుగుకు ద్రవ్యరాశి లేదంటిరి, వేగంతోని పెరగదంటిరి, మరి సూర్యుని పక్క నుంచి వచ్చే వెలుగు ఎందుకు వంగుతది, గురుత్వాకర్షణ దేన్ని పట్టుకొని గుంజుతది అని అడుగుతున్నరు. మీరు ఎప్పుడో చెప్పిండ్రు గని నాకు సరిగ్గ పట్టలే. ఒక్కసారి చెప్పుండ్రి. మీరు మా దగ్గరికే వస్తే ఇంకా మంచిది. పాఠాలు రాసిస్తే చాలు, కెమెరా ముందర నేను చూసుకుంట." నేను తలుపు కాడ నిలబడి అక్కదిక్కే చూస్తున్న. దాని కండ్లల్ల ఒక్క నిమిషం పాత వెలుగు కనపడ్డది. చెప్తది, చెప్పకుండ ఉండలేదు అనుకున్న.

"చెప్త తమ్మీ. ముందుగాల నువ్వొక మాట చెప్పు" అన్నది అక్క. "ఆనాడు స్టాఫ్ రూముల నిన్ను అడిగినప్పుడు, పెరగదని నీకు ఎరుకనేనా?"

ఆయన బిత్తరపోయిండు. "ఏ స్టాఫ్ రూమక్కా?"

"కరస్పాండెంటు సారు అడగలే, పెరుగుతదా పెరగదా అని?"

ఆయన పైకి చూసి, కిందికి చూసి, జేబుల నుంచి దస్తీ తీసి మెడ తుడుచుకున్నడు. "గా ముచ్చట నాకు యాదికే లేదక్కా. నిజంగ యాదికి లేదు" అన్నడు.

అబద్ధమాడిండా, నిజంగనే మరిచిపోయిండా, ఇప్పటికీ నాకు తెల్వదు. రెండిట్ల ఏది ఎక్కువ అన్యాయమో గూడ తేల్చుకోలేకపోతున్న. అక్క మాత్రం, "గట్లయితే వెలుగు ఎట్ల వంగుతదో నాక్కూడ యాదికి లేదు తమ్మీ" అని లేచి, మిఠాయి డబ్బా ఆయన చేతులనే పెట్టింది. ఆయన ఇంకేదో అనబోయిండు. అక్క అప్పటికే మిషన్ తొక్కుతున్నది. ఆ చప్పుడుల ఆయన మాట వినపడలేదు.

నెలరోజులకు ఆయన ఆ పాఠం తనే చెప్పిండు. నేను, అక్క పక్కపక్కన కూర్చొని చూసినం. మధ్యాహ్నం బువ్వ తిన్నంక, అక్క ఇంకా చెయ్యి గూడ తుడుచుకోలేదు. వెలుగు శక్తిని ద్రవ్యరాశిగా మార్చి లెక్క వేస్తే దానికీ ఒక చిన్న ద్రవ్యరాశి వస్తుంది, ఆ వేగంతో పోతుంది కాబట్టి వస్తుంది, దాన్నే సూర్యుడు లాగుతాడు అని ఆయన నవ్వుకుంట చెప్తున్నడు. నాకు తప్పేందో తెలువలేదు. పక్కన ఏదో చప్పుడైంది. అక్క నవ్వుతున్నది. ముందు మెల్లగ, తర్వాత భుజాలు అదిరేటట్టు. మా ఆయన చాయ్ ముచ్చటకు నవ్విన నవ్వు కాదది. ఆ నవ్వు నేను ఎన్నడూ వినలేదు, నాకు భయమైంది. "సూసినవా చెల్లె? పాత అబద్ధమన్నడు, తిరిగి తిరిగి గా అబద్ధం కాడికే పోయిండు. గట్ల లెక్కేస్తే వెలుగు వంగేది సగమే వస్తది. నిజంగ దానికి రెండింతలు వంగుతది. కొలిచి చూసిండ్రు లోకమంతా" అన్నది. మరి అసలు సంగతేందక్కా అంటే, అన్నం తిన్న చెయ్యి అట్లనే పెట్టుకొని నాకు చెప్పింది. గురుత్వాకర్షణకు కావాల్సింది ఒక్క ద్రవ్యరాశే కాదట. శక్తి ఎక్కడుంటే, కదలిక ఎక్కడుంటే, అక్కడ చుట్టూ ఉన్న జాగ, కాలం రెండూ వంగుతయట. ఆ వంపుల నుంచి వెలుగు తన తొవ్వన తాను పోతదట, దాన్ని ఎవరూ గుంజేది లేదట. తెలుగు పంతులమ్మను, నాక్కూడ అర్థమైంది. ఎన్నేండ్లయిందో అక్క నోట పాఠం విని.

"లక్షల మంది పిల్లలు తప్పు నేర్చుకుంటరు గదక్కా. కింద రెండు ముక్కలు రాయరాదు" అన్న. ఒక్క తప్పు వాక్యాన్ని పిల్లల పుస్తకాలల్ల ఉండనియ్యలేక బతుకు పోగొట్టుకున్న మనిషి, ఎంగిలి చెయ్యి కడుక్కోవడానికి లేచి, "నేర్చుకోనియ్యి" అన్నది. పెరట్ల నల్లా కింద చెయ్యి పెట్టి నిలబడి ఇంకా నవ్వుతనే ఉన్నది. వయసు మీద పడితే మా అక్క తెలివి మసకబారుతదేమో అని నేను భయపడేదాన్ని. కాలం దాని తెలివి జోలికే పోలేదు. ఆ తెలివిని నలుగురికి పంచితే గని నిద్రపట్టని ఆ పిల్లను మాత్రం నా కండ్ల ముందే ఎప్పుడో తీసుకపోయింది, నాకు తెలువనే లేదు.